హేవ్‌లాక్ గారి వంతెన, వాల్టన్ గారి పని

రాజమండ్రి వెళ్ళి గోదావరి బ్రిడ్జి ఫొటో తియ్యకుండా తిరిగొచ్చినవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు. సాయంత్రం అయిదు దాటాక పుష్కర ఘాట్ మెట్ల మీద నిలబడితే చాలు, సూర్యుడు కొవ్వూరు వైపు దిగిపోతుంటాడు, వంతెనలు నల్లగా గీతల్లా మిగుల్తాయి. పెద్ద కెమెరా అక్కర్లేదు, మెడలు తిరిగిన ఫొటోగ్రాఫరూ అక్కర్లేదు.

అయితే ఒక సంగతి గమనించాను. అందరూ గురిపెట్టేది ఆర్చ్ బ్రిడ్జికే. పక్కనే ఉన్న పాత ఇనుప వంతెన ఫ్రేములోకొస్తే కాస్త పక్కకి జరిగి మరీ తప్పిస్తారు. నా మటుకు నాకు అసలు కథంతా ఆ పాతదాన్లోనే ఉందనిపిస్తుంది.

బెజవాడ నుంచి కటక్ దాకా రైలు మార్గం 1893-96 మధ్య వేశారు. కృష్ణ మీద వంతెన 1893కే వచ్చేసింది. గోదావరి మాత్రం లొంగలేదు. ఇక్కడ నది వెడల్పు రెండున్నర కిలోమీటర్ల పైమాటే, అడుగున అంతా ఇసుక, వానాకాలం వరద. కాబట్టి పట్టాలు ఈ గట్టున ఆగి ఆ గట్టున మళ్ళీ మొదలయ్యేవి. జనం మూటాముల్లె దింపుకుని రేవు దాటి, అవతల ఇంకో రైలెక్కాలి. రెండు మహానగరాల్ని కలిపే లైన్లో మధ్యలో ఒక నదంత ఖాళీ అన్నమాట!

1897 నవంబరులో పని మొదలైంది. 1900 ఆగస్టుకల్లా రైళ్ళు నడిచాయి. మూడేళ్ళు కూడా పట్టలేదు. 56 స్పాన్లు, సుమారు 2.7 కిలోమీటర్లు, రాతి స్తంభాల మీద ఇనుప గర్డర్లు. ఇసుక నదిలో స్తంభం నిలబెట్టడమంటే ఆ రోజుల్లో బావి తవ్వడమే. ఇటుకో రాయో పేర్చి బావి ఒర కట్టడం, లోపలి ఇసుక తోడుతూ ఒరని దాని బరువుతోనే కిందికి దించడం, గట్టి నేల తగిలేదాకా అదే పని. వరదొచ్చేలోపు ముగించాలి. మన సాఫ్ట్‌వేర్ డెడ్‌లైన్లు తప్పితే మేనేజరు కేకలేస్తాడు, అక్కడ గోదావరొచ్చి ఊడ్చేస్తుంది.

ఈ పని నడిపించిన ఇంజనీరు ఎఫ్.టి.జి. వాల్టన్. అంతకుముందు కాశీలో గంగ మీద డఫరిన్ బ్రిడ్జి కట్టిన అనుభవం ఉన్నవాడు. పేరు మాత్రం అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవ్‌లాక్‌ది పెట్టారు. దిగువనున్న ధవళేశ్వరం ఆనకట్ట (1847-52) కట్టిన కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలున్నాయి, వాల్టన్ పేరు రాజమండ్రిలో పదిమందిని అడిగితే ఒక్కరు చెప్పినా గొప్పే. ఇక ఆ బావుల్లో దిగి ఇసుక తోడిన కూలీల పేర్లు ఎవరు అడుగుతారు?

తర్వాత కథ వేగంగా చెప్పేస్తాను. 1974లో పైన రోడ్డు, కింద రైలు పట్టాలతో రెండో వంతెన వచ్చింది. దాంతో లాంచీల అవసరం చాలామటుకు తీరింది. 1991లో మొదలెట్టిన ఆర్చ్ బ్రిడ్జి మీద 1997లో రైళ్ళు తిరిగాయి, అదే ఏడు హేవ్‌లాక్‌కి రిటైర్మెంటు. 2015లో రోడ్డు కోసం నాలుగోది. ఆర్చ్ బ్రిడ్జికి 28 స్పాన్లే, అంటే పాతదాంట్లో సరిగ్గా సగం. విల్లులాంటి కాంక్రీటు కమాను బయటికి తన్నే బలాన్ని అల్లెతాడులాంటి అడుగు దూలం పట్టి ఉంచుతుంది, అందుకే అంతంత దూరాలు దాటగలిగింది. రెండూ ఒకే ఫ్రేములో పెట్టి స్తంభాలు లెక్కపెడితే వందేళ్ళ ఇంజనీరింగ్ కళ్ళ ముందుంటుంది. పాతదాన్ని తప్పించి తీస్తే ఆ తేడా ఎక్కణ్ణుంచి తెలుస్తుంది?

ఇప్పుడు అసలు ప్రశ్న. రైలు నడవని వంతెనని ఏం చెయ్యాలి? పాత ఇనుముగా చూస్తే తూకానికి ధర పలుకుతుంది. 2025 జూన్‌లో శంకుస్థాపన చేసిన అఖండ గోదావరి పథకంలో దీన్ని పర్యాటక స్థలంగా మార్చే ఆలోచన ఉంది. సంతోషమే. కాకపోతే మనవాళ్ళ అభివృద్ధి అంటే రంగు లైట్లు, ప్లాస్టిక్ పూలు, ఒక సెల్ఫీ పాయింటు. అది కాదు కావాల్సింది. తుప్పు వదిలించి, జనం నడవడానికి కాస్త బాట వేసి, ఒక స్తంభం దగ్గర ఆ బావులు ఎలా దించారో బొమ్మతో సహా తెలుగులో రాసి పెట్టండి. వాల్టన్ పేరు పెట్టండి. పేర్లు దొరకని కూలీల ప్రస్తావన కూడా పెట్టండి.

1986 ఆగస్టు వరదలో గోదావరి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. ఆ పాత స్తంభాలు అప్పుడూ నిలబడే ఉన్నాయి. వరదకి పోనిదాన్ని మనం నిర్లక్ష్యంతో పోగొట్టుకుంటే, ఆ తప్పు గోదావరిది మాత్రం కాదు.