పటం ఒక దారి, కైఫీయతు ఒక దారి

ఒక ఊరిని పటానికి ఎక్కించాలంటే రెండు సంగతులు తేల్చుకోవాలి. ఆ ఊరు ఎక్కడుందన్నది మొదటిది. అక్కడ ఎవరు దేని మీద ఆధారపడి బతుకుతున్నారు, ఏ చెరువు నీళ్లు ఎవరి పొలానికి ముందు పారతాయి, ఏ నేల మీద ఎవరి హక్కు ఎన్ని తరాలుగా సాగుతోంది అన్నది రెండోది. మానవ భూగోళశాస్త్రం తొలి పాఠంలోనే ఈ రెంటినీ స్థానం, స్థలం అని వేరుచేసి చెబుతుంది. జర్మన్ పండితుడు ఫ్రెడరిక్ రాట్జెల్ 1882లో ఈ శాస్త్రానికి పునాది అనదగ్గ గ్రంథం మొదటి సంపుటం వెలువరించాడు. అంతకు ఎనభై ఏళ్ల ముందే దక్షిణాదిలో ఈ రెండు పనులూ ఒకే సర్వే కింద, ఒకే బృందం చేతుల మీదుగా జరిగాయి. తర్వాత అవి విడిపోయాయి. కొలత సర్కారు దఫ్తరానికి చేరితే, కథ గ్రంథాలయపు బీరువాకు చేరింది. శాస్త్రం ముదిరేకొద్దీ ఇలా జరగడం సహజమే అనుకుంటాం. కానీ ఈ విడిపోవడం శాస్త్రం కోరి చేసింది కాదు, పరిపాలన తన సౌకర్యం కోసం చేసుకున్నది. దాని నష్టం నేటికీ భూమి తగాదాల్లో కనిపిస్తూనే ఉంది.

కాలిన్ మెకంజీ స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవిలో పుట్టి, 1783లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు చేరాడు. 1799లో టిప్పు సుల్తాన్ పతనమయ్యాక మైసూరు సర్వే అతనికి అప్పగించారు. సుమారు 40 వేల చదరపు మైళ్ల నేలను కొలిచి పటాలు గీస్తూనే, ప్రతి ప్రాంతానికీ ఒక వృత్తాంతం జతచేయాలని అతను పట్టుబట్టాడు. ఆ వృత్తాంతాలకు సరుకు అందించినవారిలో ముందు నిలిచింది ఏలూరుకు చెందిన కావలి సోదరులు. వాళ్లలో వెంకట బొర్రయ్య చిన్న వయసులోనే, 1803లో, చనిపోతే ఆ బరువు లక్ష్మయ్య తలకెత్తుకున్నాడు. వాళ్ల కింద పనిచేసినవాళ్లు కడప, గుంటూరు వంటి సీమల్లో ఊరూరా తిరిగి కరణాల దగ్గరి దండకవిలెలు చూశారు, శాసనాలకు నకళ్లు తీశారు, పెద్దలను అడిగి రాసుకున్నారు. కైఫీయతులు పుట్టింది అలాగే. ఊరు ఎవరు కట్టించారు, అడవి కొట్టి పొలం చేసిందెవరు, చెరువు ఎప్పుడు తెగింది, మాన్యం ఎవరికి ఏ రాజు ఇచ్చాడు, ఏ దండు వచ్చినప్పుడు జనం ఊరు విడిచిపోయారు అన్నవన్నీ వాటిలో ఉంటాయి. మెకంజీ 1821లో కన్నుమూసేనాటికి ఈ సేకరణలో శాసనాల నకళ్లే 8 వేలు దాటాయి.

సరిగ్గా ఆ కాలంలోనే రెండో దారి మొదలైంది. 1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ మద్రాసు పరంగిమలై దగ్గర ఆధారరేఖ కొలిచి, అక్కణ్నుంచి త్రిభుజం మీద త్రిభుజం అల్లుకుంటూ పోయాడు. అరటన్ను బరువున్న అతని థియోడొలైట్‌కు కావలసింది కొండ శిఖరమో, గోపురమో. కింద ఊళ్లో ఎవరున్నారన్నది దానికి పట్టని సంగతి. అతని పని భూమి ఆకారం తేల్చడం కాబట్టి అది తప్పేమీ కాదు. అసలు మలుపు ఆ ఖచ్చితత్వాన్ని ఊళ్లోకి దించినప్పుడు వచ్చింది. 1858లో మద్రాసు ప్రభుత్వం సర్వేకూ, శిస్తు నిర్ణయానికీ ప్రత్యేక శాఖ పెట్టింది. 66 అడుగుల గొలుసు, వంద లింకులు, పది చదరపు గొలుసులకు ఒక ఎకరం. పొలం పొలానికీ ఒక నంబరు, మూల మూలకూ ఒక రాయి. ఊరి పటంలో గీత మిగిలింది, ఆ గీత వెనకున్న వృత్తాంతం అక్కర్లేని కాగితమైంది. శిస్తు వేయడానికి విస్తీర్ణం, నేల రకం, నీటి వసతి తెలిస్తే చాలు.

వృత్తాంతం రాయగలవాళ్లు లేక ఆ పని ఆగిపోయిందా అంటే, లేకేం? మెకంజీ తర్వాత ఆ పని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య స్వయంగా ముందుకొచ్చాడు. 1830ల్లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ఆ కోరికను తిరస్కరించింది. రెండు దశాబ్దాలకు పైగా ఈ పనిలో నలిగినవాడికి సాయం చేసే నేర్పు ఉందని ఒప్పుకున్నారు గానీ, నడిపించే యోగ్యత ఉందని ఒప్పుకోలేదు. కైఫీయతులు పాత గ్రంథాలుగా మారి, చరిత్రకారుల పాలబడ్డాయి. సి.పి. బ్రౌన్ శ్రద్ధ తీసుకుని మళ్లీ నకళ్లు రాయించకపోతే తెలుగువాటిలో చాలా భాగం మనకు దక్కేదే కాదు. ఊరి పటమూ, ఊరి కథా ఒకే బల్ల మీద పరిచి చూసే అలవాటు మాత్రం తిరిగి రాలేదు.

కైఫీయతులకు ఇంత విలువ ఇవ్వడానికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. కైఫీయతు చెప్పింది ఎవరు? ఎక్కువగా కరణాలు, మాన్యందార్లు. తమ హక్కు పాతదని చెప్పుకోవడంలో వాళ్లకు లాభం ఉంది. పురాణమూ చరిత్రా కలిసిపోతాయి, రాజుల ఏళ్లు తారుమారవుతాయి, మాలమాదిగల మాట దాదాపు వినిపించదు. ఇదంతా నిజమే. అయితే సాక్షి పక్షపాతి అయినంత మాత్రాన సాక్ష్యం తీసుకోవడం మానం, ఇంకో సాక్షిని పిలుస్తాం. కైఫీయతుల లోపానికి మందు ఇంకా ఎక్కువమందిని అడగడమే గానీ అడగడం మానేయడం కాదు. పైగా గొలుసు పక్షపాతం లేనిదని ఎవరన్నారు? ఏది పొలం, ఏది బంజరు, ఏది పోరంబోకు అన్నది గొలుసు చెప్పదు. గొలుసు పట్టించినవాడు చెబుతాడు.

రెండో ఆక్షేపణ ఇంకా బరువైనది. కొలత రైతుకు మేలు చేసింది కదా? విత్తే గింజల కొలతను బట్టి, అందాజు మీద నేలను లెక్కగట్టిన రోజుల్లో, లెక్క కరణం నోటిలో ఉండేది. సర్వే రాయి పడ్డాక చిన్న రైతుకు చూపించుకోవడానికి ఒక ఆధారం దొరికింది. ఈ మేలును కాదనలేం. కానీ ఆ మేలు దక్కింది ఏటా ఒకే చెక్కను దున్నుకునేవాడికి. మన్యంలో కొండపోడు చేసేవాళ్ల పొలం కొన్నేళ్లకోసారి చోటు మారుతుంది. చోటు మారే పొలానికి సర్వే నంబరు ఎక్కడ వేస్తారు? కాగితం మీద అది అడవిగానే మిగిలింది. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవుల హద్దులు గీసి పోడుకు సంకెళ్లు బిగించింది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం కదలడానికి ఉన్న కారణాల్లో ఈ అటవీ ఆంక్షలు ముఖ్యమైనవి. అక్కడ కొలతలో పొరపాటు లేదు, కొలిచేముందు అడగాల్సింది అడగకపోవడమే పొరపాటు.

ఈనాటి పరికరాలు వేరు. డ్రోన్లు వచ్చాయి, ఉపగ్రహాల సాయంతో సెంటీమీటర్ల తేడాతో హద్దు తేల్చే రోవర్లు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2020లో రీసర్వే మొదలుపెట్టింది. అదే ఏడాది తెలంగాణలో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది, పహాణీలో ఎప్పటినుంచో ఉన్న అనుభవదారు కాలమ్ పోయింది. పట్టా ఎవరిదన్నది నిలిచింది, నేలను దున్నుతున్నదెవరన్నది చెరిగింది. దొంగ అనుభవదార్లు పుట్టుకొస్తున్నారన్నది దానికి చెప్పిన సమర్థన. ఆ బెడద ఉన్నమాట నిజమే, అయినా కాలమ్ తీసేస్తే అబద్ధంతోపాటు కౌలురైతు నిజం కూడా పోతుంది. ఈ పని 19వ శతాబ్దపు సర్వే తర్కానికి కొనసాగింపే. మరోవైపు చట్టమే ఇంకో దారి కూడా చూపింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నిబంధనలు, హక్కు కోరేవారు కాక ఊళ్లోని ఇతర పెద్దలు చెప్పిన మాటను రాసుకుని దాన్ని ఆధారంగా స్వీకరించమంటున్నాయి. లక్ష్మయ్య మనుషులు ఊరూరా తిరిగి చేసింది ఈ పనే. అడవికి పనికొచ్చిన పద్ధతి మెట్టకూ మాగాణికీ ఎందుకు పనికిరాదు? రీసర్వే బృందంలో రోవర్ పట్టేవాడికి జీతమిచ్చే ప్రభుత్వం, కౌలుదారునీ, కూలినీ, పశువుల కాపరినీ అడిగి రాసుకునేవాడికి కూడా ఒక జీతం ఇవ్వాలి. హద్దు తేలడం వేరు, తగాదా తీరడం వేరు. రెండోది కావాలంటే ఊరిని అడగక తప్పదు.