గ్రామసీమలు - నగరవిస్తరణము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక చారిత్రక వ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు కోరిరి. గ్రామలెక్కలతో కాలము గడపిన నాకు హద్దులకంటె చిరపరిచితమైన విషయము వేరొకటి లేదు. మన పిల్లలలో పలువురు నేడు హైదరాబాదు పడమటి దిక్కున మాదాపురము, గచ్చిబౌలి ప్రాంతములందు కొలువులు చేయుచున్నారు. వారు పనిచేయు హైటెక్ సిటీ యే గ్రామముల నేలపై లేచినదో, ఆ గ్రామములు ఏ శాసనముల బలమున నగరములో కలిసినవో తెలిసికొనుట మనకు కేవలము వినోదము కాదు; అవసరము.

సీమావివాదము మన పూర్వులకు క్రొత్త కాదు. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున దీనికొక ప్రకరణమే కలదు. మఱ్ఱి, రావి, మోదుగు, బూరుగు మొదలగు వృక్షములను పొలిమేరయందు నాటవలెను. అవి నశించినను గుర్తు నిలుచుటకై రాళ్లు, ఊక, బూడిద, బొగ్గులు, పెంకులు మున్నగువానిని భూమిలో పాతిపెట్టవలెను. గుర్తులు స్పష్టముగా కానవచ్చు జ్యేష్ఠమాసమున వివాదమును తీర్పవలెను. సాక్షులు ఎఱ్ఱని వస్త్రములును పూలదండలును ధరించి, తలపై మన్నుంచుకొని, ప్రమాణముచేసి హద్దు చెప్పవలెను. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య రచింపగా, తిక్కన కాలమువాడగు కేతన విజ్ఞానేశ్వరీయమను పేర ఆ ధర్మములను తెనుగున పద్యకావ్యముగా వెలయించెను. వీనియందు మనము గ్రహింపవలసిన సారమొక్కటే: హద్దును నిర్ణయించువాడు రాజే యైనను, ఆ మన్నుపై బ్రతుకువాని మాట వినక నిర్ణయింపరాదు.

ఊరికి హద్దులు రెండు విధములు. మొదటిది రెవిన్యూ హద్దు. సర్వే నంబర్లు, సేత్వారు, పహాణీలు దీనికి సంబంధించినవి. ఇది అంత సులభముగా చెరగదు. హైటెక్ సిటీలోని బహుళ అంతస్తుల భవనముల దస్తావేజులందును మాదాపూర్ గ్రామము, శేరిలింగంపల్లి మండలము, రంగారెడ్డి జిల్లా యని వ్రాయుచునే యున్నారు. రెండవది పరిపాలనపు హద్దు. ఇంటిపన్ను ఎవరికి చెల్లింపవలెను, వీధిదీపము వెలుగకున్న ఎవరినడుగవలెను, మన యోటుతో ఎవరిని కూర్చుండబెట్టవలెను అను ప్రశ్నలకు సమాధానము దీనియందున్నది. ప్రభుత్వశాసనములు తరచుగా మార్చునది ఈ రెండవ హద్దునే.

1992లో మన రాజ్యాంగమునకు 73వ, 74వ సవరణలు జరిగినవి. మరుసటి యేడు అమలులోనికి వచ్చినవి. పల్లెతనమునుండి పట్టణత్వమునకు మారుచున్న ప్రాంతమేది, చిన్న పట్టణమేది, పెద్ద నగరమేది యను నిర్ణయమును 243-క్యూ అధికరణము గవర్నరు ప్రకటనకు విడిచినది. అయితే జనాభా, జనసాంద్రత, స్థానికాదాయము, వ్యవసాయేతర వృత్తులవారి నిష్పత్తి, ఆర్థిక ప్రాముఖ్యము మున్నగువానిని గమనింపవలెనని నియమించినది. పంచాయతీ హద్దును మార్చుటకు ముందు ఆ పంచాయతీకి తన యభ్యంతరములు చెప్పుకొనుటకు తగిన యవకాశ మీయవలెనని 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ శాసనమునందుండెను. తలపై మన్నుంచుకొని పలికిన సాక్షి మాటకు నేటి రూపమిదియే.

ఇక హైదరాబాదు చరిత్ర చూతము. 1869లో సాలార్‌జంగు మంత్రిత్వమున నగరమునకు పురపాలన మేర్పడినది. 1933లో చాదర్‌ఘాట్ పురపాలక సంఘము, 1960లో సికింద్రాబాదు నగరపాలక సంస్థ హైదరాబాదుతో కలిసినవి. 1978లో హైదరాబాదు జిల్లా గ్రామీణభాగమును విడదీసి రంగారెడ్డి జిల్లాను చేసిరి. శేరిలింగంపల్లి ప్రాంతము ఆ జిల్లాకే చెందినది. 1998 నవంబరులో ప్రధానమంత్రి వాజపేయి మాదాపురమున సైబర్ టవర్స్‌ను ప్రారంభించెను. 2001లో సుమారు 52 చదరపు కిలోమీటర్లకు సైబరాబాదు అభివృద్ధి సంస్థ యేర్పడినది. 2008లో అది హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థలో లీనమైనది. ఇవి నగరప్రణాళికకై ప్రభుత్వము నెలకొల్పినవే కాని, ప్రజలు ఓటువేసి యెన్నుకొనునవి కావు.

2007 ఏప్రిల్ 16న శేరిలింగంపల్లితో కూడ 12 పురపాలక సంఘములు, 8 గ్రామపంచాయతీలు కలిసి మహా హైదరాబాదు నగరపాలక సంస్థ యేర్పడినది. నగరవైశాల్యము సుమారు 170 చదరపు కిలోమీటర్లనుండి సుమారు 625కు పెరిగినది. కాని క్రొత్త సంస్థకు తొలి యెన్నికలు 2009 నవంబరులో జరిగినవి. అనగా హద్దు మారిన పిమ్మట రెండున్నర సంవత్సరములకు పైగా ప్రజలకు తమ ప్రతినిధి లేడు.

ఈ ప్రాంతమునకు ఆనుకొనియున్న మణికొండ కథ మఱింత విశేషమైనది. 2018 వరకు అది గ్రామపంచాయతీ. ఆ యేట పుప్పాలగూడ, నెక్నాంపూర్‌లతో కలిసి పురపాలక సంఘమైనది. 2020 జనవరిలో తొలి పాలకవర్గము ఎన్నికైనది. 2025 జనవరిలో దాని గడువు తీరినది. మరల ఎన్నికలు జరుగకమునుపే, ఆ సంవత్సరము డిసెంబరులో, 20 పురపాలక సంఘములును 7 నగరపాలక సంస్థలును మహానగరములో విలీనమైనవి. వానిలో మణికొండయు నొకటి. మహానగరవైశాల్యము 2,000 చదరపు కిలోమీటర్లను దాటినది. ఎనిమిదేండ్లలో ఒకే ఇంటికి మూడు పాలకసంస్థలు! ఆ విలీనకాలమున అభిప్రాయము చెప్పుటకు ఎన్నికైన పాలకవర్గమే అచట లేకుండెను. అయిదూళ్లైన నిమ్మని ధర్మరాజు రాయబారము పంపినపుడు, ఆ యూళ్లవారి నెవరును అడిగినట్లు భారతమున కానరాదు. అది రాచరికము. ఇది ప్రజాస్వామ్యము గదా!

అయినను హద్దులు మార్చుట యెల్లప్పుడు కీడే యనుట న్యాయము కాదు. ఒక పెద్ద నగరమునకు మంచినీరు, మురుగుకాలువలు, రహదారులు ఇరువది సంఘములు వేఱువేఱుగా సమకూర్చుట కష్టము. మఱియు 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ శాసనము వలన అనేక తండాలు, గూడెములు స్వంత పంచాయతీలైనవి. పెద్దయూరి చాటున నణగియున్న తండావాసులు తమ సర్పంచిని తామే యెన్నుకొనుటకు వీలు కలిగినది. అదియు హద్దు మార్పు వలననే.

మాట చెప్పినవారికి ఫలము దక్కిన నిదర్శనమును కలదు. 1974 నాటి జిల్లాల యేర్పాటు శాసనము ననుసరించి, 2016 ఆగస్టులో తెలంగాణమున ముసాయిదా ప్రకటన వెలువడినది. అభ్యంతరములకు ముప్పది దినముల గడువిచ్చిరి. ముసాయిదాలో క్రొత్త జిల్లాలు 17. జనగామ, గద్వాల, సిరిసిల్ల, ఆసిఫాబాదు ప్రాంతములవారు పట్టుదలతో తమ కోరిక వినిపించిరి. అక్టోబరు 11న జిల్లాలు అవతరించునప్పటికి క్రొత్తవి 21 అయినవి. ఆ నాలుగును వానిలో చేరినవి. గీసిన గీతయైనను సకాలమున పలికిన మాటకు కదలునని దీనివలన తేలుచున్నది.

మన గ్రంథాలయమునకు దీనితో సంబంధమేమని కొంద రడుగవచ్చును. 1960 నాటి ప్రజాగ్రంథాలయ శాసనము ప్రకారము, ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపు పన్ను వసూలగును. స్థానికసంస్థ దానిని వసూలుచేసి గ్రంథాలయ సంస్థకు జమచేయవలెను. కావున పరిపాలనపు హద్దు మారిననాడు, పుస్తకములకై మనమెవరికి అర్జీ పెట్టుకొనవలెనో అదియు మారును.

కనుక చందాదారులకు నాదొక విన్నపము. మన గ్రామ సర్వే పటమును, పంచాయతీ తీర్మానముల నకళ్లను, హద్దులకు సంబంధించిన గెజిటు ప్రకటనలను ఒక దస్త్రముగా కట్టి ఈ గ్రంథాలయమున భద్రపరుపుడు. ముసాయిదా ప్రకటన వెలువడినచో దానిని పఠనమందిరపు గోడపై అతికించి, చదువురానివారికి చదివి వినిపింపుడు. కలియుటయో, విడిగా నుండుటయో, ఏది మేలో గ్రామసభలో తర్కించి, గడువు తీరకముందే వ్రాతమూలకముగా తెలియజేయుడు. గడువు తీరిన తరువాత చెట్టుక్రింద చేయు వాదము ఏ దస్త్రమునకును ఎక్కదు.

ఇరువదియైదేండ్లు మనకు అక్షరభిక్ష పెట్టిన ఈ గ్రంథాలయము, హద్దు లెట్లు మారినను, మన యూరి నోరై కలకాలము వర్ధిల్లుగాక!