పట్టికలో ఖాళీ గడి

పుస్తకంలోని పట్టికలను చాలామంది పాఠకులు దాటవేస్తారు. వాక్యాలలో చెప్పిన విషయాన్నే రచయిత మరొకసారి అంకెలలో చూపాడని వారు అనుకుంటారు. ఇది పొరపాటు. మనం చదివే చరిత్ర, అర్థశాస్త్ర గ్రంథాలలో పట్టిక అలంకారం కాదు, సాక్ష్యం. 1901లో వెలువడిన గ్రంథంలో దాదాభాయి నౌరోజీ భారతదేశపు దారిద్ర్యాన్ని నిరూపించింది లెక్కలతోనే. రష్యాలో పెట్టుబడిదారీ విధానపు అభివృద్ధిని గురించి 1899లో వెలువడిన గ్రంథంలో లెనిన్ జెమ్‌స్త్వోల గణాంకాలను తిరిగి వర్గీకరించి, గుర్రం లేని రైతునూ నాలుగు గుర్రాలున్న రైతునూ ఒకే "సగటు" కింద దాచడంలోని మోసాన్ని బయటపెట్టాడు. ఆ పట్టికలను తీసివేస్తే మిగిలేవి తీర్మానాలు మాత్రమే. సాక్ష్యం చూడని వాడు తీర్మానాన్ని నమ్మగలడు, నమ్మకపోగలడు, దానిని విమర్శించలేడు.

చూపు లేని పాఠకుల విషయంలో చిరకాలంగా జరుగుతున్నది ఇదే. వారికి వాక్యాలు అందుతున్నవి, పట్టికలు అందడం లేదు. అందినా చెదిరిపోయి అందుతున్నవి. ఇది యంత్రాల లోపమని సరిపెట్టుకునే ముందు దీని చరిత్రను పరిశీలించడం అవసరం.

నేను చేసిన ఒక తప్పుతోనే ప్రారంభిస్తాను. మా కళాశాలలో చదివే చూపు లేని విద్యార్థి ఒకరికి మార్క్స్ "పెట్టుబడి" మొదటి సంపుటం నుంచి ఐర్లండును గురించిన భాగాన్ని స్కాన్ చేసి, అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్‌తో పాఠంగా మార్చి ఇచ్చాను. వాక్యాలలోని అచ్చుతప్పులన్నీ దిద్దాను. పట్టికలలో అంకెలు సరిగా వచ్చినవా లేదా అని మాత్రమే చూసుకున్నాను. రెండు రోజుల తరువాత అతడు వచ్చి, "సార్, 1864లో పశువులు పెరిగాయా, తగ్గాయా?" అని అడిగాడు.

పుస్తకం తెరిచి చూస్తే నా తప్పు తెలిసింది. ఆ పట్టికలో పశువుల మొత్తానికి ఒక నిలువు వరుస, తగ్గుదలకు ఒకటి, పెరుగుదలకు మరొకటి వున్నవి. 1861లో మొత్తం 34,71,688, తగ్గుదల 1,34,686, పెరుగుదల గడి ఖాళీ. 1864లో మొత్తం 32,62,294, తగ్గుదల గడి ఖాళీ, పెరుగుదల 1,18,063. నేను ఇచ్చిన పాఠంలో ఖాళీ గడులు మాయమై, రెండు సంవత్సరాలలోనూ మొత్తం వెనుక ఒకే ఒక అంకె మిగిలింది. చెవికి ఆ రెండు వరుసలూ ఒకే తీరుగా వినిపిస్తవి. ఒక్క అంకె కూడా తప్పు కాదు; అయినా నష్టం ఏదో లాభం ఏదో తెలియకుండా పోయింది. 1841లో 82 లక్షలకు పైగా వున్న జనం 1866 నాటికి 55 లక్షలకు పడిపోయిన దేశపు కథ అది. 1860 నుంచి 1865 లోపల అక్కడ గొర్రెలు 1,46,662 పెరిగినవి. అటువంటి చోట పెరుగుదల, తగ్గుదల అనే మాటలే చరిత్ర.

ముందు సంవత్సరపు మొత్తంతో పోల్చి తీసివేత చేసుకుంటే తెలియదా అని ఎవరైనా అడగవచ్చు. తెలుస్తుంది. కాని చూపున్న వాడు ఒక్క క్షణంలో గ్రహించేదాన్ని చూపు లేని వాడు ఏడంకెల సంఖ్యలను మనసులో మోస్తూ లెక్కకట్టి తెలుసుకోవాలనడం న్యాయం కాదు.

ఇక్కడ పట్టిక స్వభావం బయటపడుతున్నది. పట్టికలో అర్థం అంకెలో లేదు. ఆ అంకెకు పైనున్న శీర్షికతోనూ పక్కనున్న శీర్షికతోనూ గల సంబంధంలో వున్నది. అచ్చు పుస్తకం ఆ సంబంధాన్ని మాటలతో చెప్పదు, గీతలతోనూ ఖాళీ స్థలంతోనూ చూపుతుంది. కాబట్టి కంటిని తీసివేసిన మరుక్షణం సంబంధం తెగిపోయి అంకెలు అనాథలవుతవి.

చూపు లేని వారి చదువు చరిత్రలో ఈ పొరపాటు కొత్తది కాదు. 18వ శతాబ్దం చివర పారిస్‌లో వాలంతాన్ అయూయి వారికోసం పాఠశాల పెట్టి, కంటికోసం పుట్టిన అక్షరాలనే కాగితం మీద ఉబ్బెత్తుగా అచ్చువేయించాడు. ఆ పాఠశాలలోనే చదివిన లూయీ బ్రెయిల్ 1829లో ఆరు చుక్కల లిపిని ప్రకటించాడు. అది వేలికోసం పుట్టిన లిపి. మన భాషలకు భారతీ బ్రెయిల్ 1951లో ఏర్పడింది. అయితే బ్రెయిల్ పుటలో ఒక పంక్తికి సాధారణంగా 40 గడులకు మించి పట్టవు. వెడల్పైన పట్టికను అందులో ఇమడ్చడానికి బ్రెయిల్ లేఖకులు అడ్డువరుసలను నిలువుగా మార్చారు, పట్టికను రెండుగా విడగొట్టారు, ఒక్కొక్క గడినీ దాని శీర్షికతో సహా జాబితాగా రాశారు. ఇది యాంత్రికంగా సాగే పని కాదు. పట్టికను అర్థం చేసుకున్న మనిషి మాత్రమే చేయగల శ్రమ.

1976లో కర్జ్‌వైల్ యంత్రం అచ్చు పుటను పైకి చదివింది. అది గొప్ప ముందడుగు, సందేహం లేదు. కాని పంక్తి వెంట పంక్తి చదువుకుపోయే పద్ధతికి పట్టిక లొంగదు. 1997లో హెచ్.టి.ఎమ్.ఎల్. నాలుగవ రూపం ఏ గడి ఏ శీర్షికకు చెందినదో పాఠంలోనే గుర్తుపెట్టే వీలు కల్పించింది. 1999లో వెలువడిన వెబ్ సౌలభ్య సూత్రాలు దానిని నియమం చేసినవి. 2006లో చూపు లేని ఆస్ట్రేలియా యువకుడు మైకేల్ కరన్ ప్రారంభించిన ఎన్.వి.డి.ఎ. అనే ఉచిత సాఫ్ట్‌వేర్, పాఠకుడు గడి నుంచి గడికి కదులుతుంటే శీర్షికను కూడా చదివి చెప్పగలదు. అవసరం ఎవరిదో వారే సాధనాన్ని నిర్మించుకోవడం బ్రెయిల్ నాటి నుంచీ కనిపిస్తున్నది.

చట్టం కూడా కదిలింది. 2012లో మన కాపీరైటు చట్టాన్ని సవరించి, చదవగల రూపంలోకి పుస్తకాలను మార్చుకునే హక్కును స్పష్టంగా గుర్తించారు. 2013 నాటి మరాకెష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటె ముందు ధ్రువీకరించిన దేశం మనదే. సాధనం వున్నది, చట్టం వున్నది. లేనిది గడులకు గుర్తులు పెట్టే శ్రమ. ఆ శ్రమకు లాభం రాదు కనుక విపణి దానిని పట్టించుకోదు.

తెలుగులో మరికొన్ని చిక్కులున్నవి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద వేలకొద్దీ తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు, కాని అవి పుటల బొమ్మలు. బొమ్మను చెవి చదవలేదు. దానిని పాఠంగా మార్చబోతే గడి కింది గీతకు వత్తులు తగులుకుంటవి. పాత పుస్తకాలలో తెలుగు అంకెలుంటే, అంకెలలోని సున్నకూ అక్షరం పక్కన రాసే సున్నకూ రూపం ఒకటే, పేరూ ఒకటే. వాక్యంలో సున్న తప్పితే పాఠకుడు దిద్దుకుంటాడు. పట్టికలో సున్న తప్పితే వెయ్యి వంద అవుతుంది, అది తప్పని చెప్పడానికి చుట్టూ వాక్యం వుండదు.

అందువల్ల నేను ఇప్పుడు అనుసరిస్తున్న పద్ధతి చెబుతాను. పట్టికను బొమ్మగా వదలను. ప్రతి నిలువు వరుసకూ, అడ్డువరుసకూ శీర్షికగా గుర్తు పెడతాను. ఖాళీ గడిలో "ఖాళీ" అని రాస్తాను. శీర్షికల కింద ఉపశీర్షికలున్న పెద్ద పట్టికను చిన్నవాటిగా విడగొట్టి, విడగొట్టినట్లు చెబుతాను. అడుగున మొత్తం అచ్చయి వుంటే అంకెలను కూడి సరిచూస్తాను. పట్టిక సారాంశాన్ని మాత్రం నా మాటలలో రాసి సరిపెట్టను. అలా చేస్తే నా తీర్మానాన్ని పాఠకుని మీద రుద్దినట్లవుతుంది.

పల్లెలో పహాణీ కూడా పట్టికే. భూమి ఎవరి పేర వున్నదో, సాగు ఎవరు చేస్తున్నారో దాని గడులే చెప్పేవి. చదువు రాని రైతు పట్వారీ చదివి చెప్పిందే నమ్మవలసి వచ్చేది. ఆ స్థితిని వ్యతిరేకించిన మనం, మన విద్యార్థులలో కొందరిని అదే స్థితిలో వుంచుతున్నాము. మన సంఘం పుస్తకాలలోనూ పట్టికలున్నవి. ఈ పని వాటితోనే మొదలుకావాలి.