ఒకే గుర్తు, రెండు డిస్క్‌లు

లైనక్స్ సర్వర్లు చూసేవాళ్లకి ఈ చిక్కు కొత్తది కాదు. సాయంత్రం సేవ్ చేసిన ఫైళ్లు రాత్రి రీబూట్ అయ్యాక కనబడవు. ఇంకో రీబూట్‌కి చెక్కుచెదరకుండా తిరిగొస్తాయి, కానీ ఈసారి మధ్యలో సేవ్ చేసినవి మాయం. లాగ్‌లో ఎర్రర్ ఒక్కటీ ఉండదు.

మొదట డ్రైవ్ పేర్లనే అనుమానిస్తాం. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనేవి డిస్క్‌లు కెర్నెల్ కంటబడిన వరుసను బట్టి వచ్చేవి; బూట్ బూట్‌కీ తారుమారు కావచ్చు. కానీ ఎఫ్‌స్టాబ్ ఫైల్లో పేరు లేదు, యూయూఐడీ ఉంది: 32 హెక్సాడెసిమల్ అంకెలు, మధ్యలో 4 గీతలు. తారుమారు బెడద తప్పించడానికే దాన్ని రాస్తారు. అనుమానం వీగిపోయింది.

డీఎఫ్ కమాండ్ మాత్రం ఒక విచిత్రం చెబుతుంది. అదే డైరెక్టరీ సైజు ఒకరోజు 4 టెరాబైట్లకు దగ్గర, మరోరోజు 2కి. ఫైల్‌సిస్టమ్ తనంతట తాను కుంచించుకుపోదు కదా!

బై-యూయూఐడీ డైరెక్టరీలో చూస్తే ఆ గుర్తుతో ఒకే లంకె. అసలు విషయం ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ బయటపెడుతుంది: రెండు పార్టీషన్లకీ యూయూఐడీ ఒకటే. లంకె ఆ పూట ఏ డిస్క్‌ని చూపిస్తే అదే మౌంట్ అవుతోంది.

ఈ కవలలు ఎలా పుట్టారు? పాత 2 టీబీ డిస్క్‌ని డీడీతో కొత్తదానికి కాపీ చేసి, ఫైల్‌సిస్టమ్‌ని పెంచి, పాతది ఎందుకైనా మంచిదని లోపలే ఉంచేశారు. ఈఎక్స్‌టీ4లో యూయూఐడీ ఉండేది సూపర్‌బ్లాక్‌లో, పార్టీషన్ మొదలైన 1024 బైట్ల తర్వాత. బైటు వెంట బైటు ఎత్తిరాసే డీడీ దాన్నెందుకు వదులుతుంది? పార్టీషన్ టేబుల్ కూడా కాపీ అయింది కనుక పార్ట్‌యూయూఐడీని నమ్ముకున్నా ఇదే గతి. (ఎక్స్ఎఫ్ఎస్ అయితే, ఒకటి మౌంటై ఉండగా రెండోదాన్ని మౌంట్ చేయబోతే మొండికేస్తుంది. ఈఎక్స్‌టీ4 నోరెత్తదు.)

ట్యూన్2ఎఫ్ఎస్ -యూ ర్యాండమ్ అనే కమాండ్ పాతదానికి కొత్త గుర్తు ఇస్తుంది. అంతకుముందు దాన్ని అన్‌మౌంట్ చేసి, ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎఫ్‌తో తనిఖీ చేయాలి. ఏది పాతదో సీరియల్ నంబరుతో తేల్చుకోండి, అది మాత్రం కాపీ కాలేదు. కానీ అసలు పని ఆ తర్వాతే: ఇన్నాళ్ల ఫైళ్లు రెండుచోట్లా చీలిపోయి ఉన్నాయి. పాతదాన్ని రీడ్-ఓన్లీగా వేరే డైరెక్టరీలో మౌంట్ చేసి, ఆర్‌సింక్‌ని ముందు డ్రై-రన్‌లో నడిపి, దేంట్లో ఏముందో చూసుకుని కలపాలి.