జాబ్స్, యోబు, జాబు

హైదరాబాదు అమీర్‌పేటలో గోడ మీద ‘జాబ్స్’ అని కనిపిస్తే ఎవరికీ కాలిఫోర్నియా గుర్తుకు రాదు. అది ఉద్యోగాల వేట మాట. అదే మాట ఒక మనిషికి ఇంటిపేరై, ఆ మనిషి మాకింటాష్, ఐపాడ్, ఐఫోన్‌ల వెనక నిలిచినవాడైతే మాత్రం, నాబోటి మాటల పిచ్చివాడికి ఊరుకోబుద్ధి కాదు.

ముందు ఒక భ్రమ తీరాలి. ఉద్యోగమనే అర్థంలో వాడే ‘జాబ్’కీ, స్టీవ్ జాబ్స్ ఇంటిపేరుకీ చుట్టరికం లేదు. మొదటిదాని పుట్టుక ఇంగ్లీషు నిఘంటుకారులకే తేలలేదు. పదహారో శతాబ్దంలో ‘పనిలో ఒక ముక్క’ అనే అర్థంలో కనిపిస్తుంది. అలా పనిని ముక్కలు చేసి తలా ఒకటి పంచడం స్టీవ్ జాబ్స్‌కి గిట్టని వ్యవహారం. యంత్రం, దాన్ని నడిపే ప్రోగ్రాము, పెట్టే అట్టపెట్టె, చివరికి అమ్మే దుకాణం, అన్నీ ఒక్క చేతి కిందే ఉండాలనేవాడు.

ఇంటిపేరు మూలం వెతికేవాళ్ళు బైబిల్లోని యోబు దగ్గరికి పోతారు. చివరి సకారం మన ఇంటిపేర్లలోని ‘వారి’ లాంటిది. యోబు కాస్తా జాబ్ ఎలా అయ్యాడంటారా? యకారం జకారమవడం మనకేం వింత? యాత్ర జాతర కాలేదూ, యౌవనం జవ్వనం కాలేదూ! అక్కడా అలాంటిదే జరిగింది.

ఆ యోబే అరబ్బీలో అయ్యూబ్. మన ఊళ్ళలో అయూబ్‌లకి కొదవ లేదు. క్రైస్తవులకీ ముస్లిములకీ ఆయన ఓర్పుకి మారుపేరు. ఆస్తి పోయింది, పదిమంది బిడ్డలు పోయారు, ఒళ్ళంతా కురుపులు లేచాయి, అయినా నిలబడ్డాడు.

జాబ్స్‌కీ ఓర్పుకీ చుక్కెదురు. నచ్చని పనిని, చేసినవాడి ముఖం మీదే చెత్త అనేవాడు. కారుకి నంబరు ప్లేటు ఉండేది కాదు. దాన్ని వికలాంగులకు కేటాయించిన చోట ఆపేవాడు. 1976లో తాను పెట్టిన కంపెనీ నుంచి 1985లో తానే బయటికి నడవాల్సి రావడానికి ఈ దురుసుతనమూ ఒక కారణం. ఇంటిపేరు ఒకటి, స్వభావం ఇంకొకటి అని నవ్వుకోబోతాం.

కాస్త ఆగాలి. యోబు గ్రంథంలో 42 అధ్యాయాలుంటే, మూడోదాంట్లోనే ఆయన తాను పుట్టిన రోజుని శపిస్తాడు. అక్కణ్ణించి ఓదార్చడానికొచ్చిన స్నేహితులతో వాదిస్తాడు. సాక్షాత్తూ దేవుణ్ణే జవాబు చెప్పమని నిలదీస్తాడు. ఓర్పు, పుస్తకం చదవని లోకం ఆయనకి అంటించిన కీర్తి. నాకు కనిపించే యోబు జవాబు రాందే వదలని మొండివాడు. ఆ లెక్కన ఇంటిపేరు అతికినట్టు సరిపోయింది.

జవాబు అనగానే మన ‘జాబు’ గుర్తుకొస్తుంది. అరబ్బీ జవాబు మన నోట అరిగి జాబైంది, ఉత్తరమనే అర్థం తెచ్చుకుంది. ఉద్యోగపు జాబ్‌లోని జ వేరు, ఈ జాబులోని జ వేరు. ఇది పళ్ళ దగ్గర పుట్టే ‘ౙ’. ఈ తేడా చూపడానికే బ్రౌను నిఘంటువు జ నెత్తిన ఒక గుర్తు పెట్టింది. ఇప్పుడు ఆ గుర్తూ పోయింది, జాబులూ పోయాయి. జాబ్స్ మాత్రం ముక్కూమొహం తెలియని కొనుగోలుదారులు రాసిన ఈమెయిళ్ళకి ఒక్కోసారి స్వయంగా బదులిచ్చేవాడు. జాబు పొడుగు ఒక్క మాట, మహా అయితే రెండు. ‘ఉభయకుశలోపరి’కి చోటే లేదు.

జేబు కూడా అరబ్బీదే. కొందరి నోట అది జోబు. 2001లో వెయ్యి పాటలు జేబులో పడతాయని చెప్పి ఐపాడ్ అమ్మిన జాబ్స్‌కి ఈ మాట తెలిసుంటే ముచ్చటపడేవాడేమో.

ఇన్నిసార్లు అరబ్బీ దగ్గరికి పోవడానికి మరో కారణముంది. ఆయన కన్నతండ్రి అబ్దుల్‌ఫత్తా జందలి, సిరియాలోని హొమ్స్ వాడు. అరబ్బీలో జందల్ అంటే బండరాయి. మనలో రాళ్ళపల్లివారు లేరూ, అలాగన్నమాట. 1955లో పుట్టిన పిల్లవాణ్ణి పాల్, క్లారా జాబ్స్ దంపతులు పెంచుకున్నారు. ఆయనకి అమ్మానాన్నలంటే వాళ్ళే. ఇంకెవరైనా వాళ్ళని ‘పెంపుడు’ అంటే ఒప్పుకునేవాడు కాదు. పెద్దయ్యాక చెల్లెలు మోనా సింప్సన్ కన్నతండ్రి ఆచూకీ పట్టుకున్నా, ఆయన వెళ్ళి కలవలేదు. ఒకప్పుడు ఆ తండ్రి నడిపిన హోటల్లోనే, ఎవరో తెలియకుండా తాను భోంచేశానని తరవాత తెలుసుకున్నాడు.

ఇక యోబు అనే పేరుకి అర్థమేమిటి? హీబ్రూలో ‘శత్రువు’ అనే మాటతో ముడిపెట్టేవాళ్ళున్నారు. ఇంకో వాదం నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. ఈజిప్టులోని అమర్నాలో మట్టిపలకల మీద రాసిన జాబులు దొరికాయి. క్రీస్తుపూర్వం పద్నాలుగో శతాబ్దం నాటివి. వాటిలో అష్తారోతును ఏలిన అయ్యాబ్ అనే చిన్న రాజు పేరుంది. యోబు పేరుకి ఇదే పాతరూపమంటారు. దానికి పండితులు చెప్పిన అర్థం: ‘నాన్న ఎక్కడ?’ అష్తారోతు ఉన్నదీ నేటి సిరియాలోనే.

వ్యుత్పత్తి జాతకం కాదు. పాల్ జాబ్స్‌కి ఈ మట్టిపలకల గొడవ తెలిసే అవకాశమే లేదు. అయినా ఆ ప్రశ్న ఆ ఇంట ఇంకో తరానికీ వచ్చింది. 1978లో ప్రియురాలు క్రిస్ఆన్ బ్రెనన్‌కి ఆడపిల్ల పుడితే, జాబ్స్ తాను తండ్రిని కానన్నాడు. తండ్రి ఆయనే అయ్యే అవకాశం 94 శాతానికి పైగా అని పరీక్షలో తేలినా గింజుకున్నాడు. 1983లో వచ్చిన కంప్యూటరుకి మాత్రం ‘లీసా’ అని ఆ పిల్ల పేరే పెట్టి, అవి ఏవో సాంకేతిక పదాల పొడి అక్షరాలని చెప్పించాడు. కూతురి పేరేనని ఒప్పుకోవడానికి ఏళ్ళు పట్టింది. జగమొండి అనే బిరుదు నేను సంతోషంగా ఇస్తాను గానీ, ఈ ఒక్క చోట దాన్ని పిరికితనమనే అంటాను.

లీసా బ్రెనన్ పేరు ఆమెకి తొమ్మిదేళ్ళప్పుడు లీసా బ్రెనన్-జాబ్స్‌గా మారింది. 2018లో ఆమె జ్ఞాపకాల పుస్తకం ‘స్మాల్ ఫ్రై’ ఆ రెండు ఇంటిపేర్లతోనే అచ్చయింది.