ఏ సైకిలుకైనా పట్టే పిన్ను

ఏడో తరగతి వేసవి సెలవుల్లో మా నాన్న సైకిలుకి కాటర్ పిన్నులు నేనే మార్చాను. తొక్కినప్పుడల్లా కాలి కింద ‘టక్కు’మని చిన్న ఎదురుదెబ్బ. క్రాంకుని ఇరుసుకి బిగించే మేకులాంటి పిన్ను అరిగిపోయిందని వీధి చివర సైకిల్ షాపు తాత చెప్పాడు. పిన్నుల ఖరీదు కాక కూలి కూడా అడిగాడు. కూలి మిగిలితే సోడా తాగొచ్చని నాకు ఆశ. పిన్నులు మాత్రం కొనుక్కొచ్చి, సుత్తి పుచ్చుకుని పాతవి కొట్టి దించాను, కొత్తవి కొట్టి ఎక్కించాను, నట్లు బిగించాను. సాయంత్రం నాన్న సైకిలెక్కి నాలుగు బారలు పోయి దిగిపోయాడు. ఒక పెడల్ నేలకేసి చూస్తుంటే రెండోది నేరుగా ఆకాశానికేసి చూడాలి. మాది మాత్రం ఏటవాలుగా ఎటో చూస్తోంది.

కాటర్ పిన్నుకి ఒక పక్క చదునుగా, ఏటవాలుగా చెక్కి ఉంటుంది. ఒక క్రాంకులో అది ముందు నుంచి వెనక్కి దిగితే, రెండో క్రాంకులో వెనక నుంచి ముందుకి దిగాలి. నేను రెండిటినీ ఒకే వైపు నుంచి దించాను. తాత నవ్వలేదు, తిట్టలేదు. ఒక పిన్ను ఊడదీసి, తిప్పి పెట్టి, రెండు దెబ్బలు వేశాడు. కూలి తీసుకున్నాడు.

నా పొరపాటు సంగతి ఎలా ఉన్నా, ఆ పూట జరిగిన ఇంకో సంగతి నాకు చాలా ఏళ్ళ తరవాత గాని వింతగా తోచలేదు. పిన్నులు కావాలన్నప్పుడు తాత నన్ను “మీది ఏ కంపెనీ సైకిలురా?” అని అడగలేదు. పాత బిస్కట్ల డబ్బాలో కలగాపులగంగా పడున్న పిన్నుల్లోంచి రెండు ఏరి చేతిలో పెట్టాడు. మా హెర్క్యులిస్ మద్రాసు దగ్గర అంబత్తూరులో పుట్టింది. ఆ పిన్ను ఏ ఊళ్ళో పుట్టిందో తాతకే తెలియదు. అయినా పట్టింది. ఎక్కడో చేసిన మరలో ఇంకెక్కడో చేసిన మర ఇలా ఒదిగిపోవడం దానంతటది జరగదు. దాని వెనక ఒక చరిత్ర ఉంది. అది తుపాకులతో మొదలవుతుంది.

పందొమ్మిదో శతాబ్దం సగం గడిచేదాకా ఇంగ్లండులో తుపాకీ అంటే చేతిపని. ఏ తుపాకీకి ఆ తుపాకీ, ఆకురాయితో రుద్ది రుద్ది భాగాలు అమర్చేవాళ్ళు. ఒకదాని గుర్రం ఇంకోదానికి పట్టేది కాదు. యంత్రాల మీద అచ్చు ఒకేలా ఉండే భాగాలు చేయాలన్న పట్టుదలతో బర్మింగ్‌హామ్ తుపాకీ పనివాళ్ళు కొందరు కలిసి 1861లో ఒక కంపెనీ పెట్టారు. పేరు బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. పొడి అక్షరాల్లో బీఎస్ఏ. మన ఊళ్ళలో బీఎస్ఏ ఎస్ఎల్ఆర్ తొక్కి కాలేజీకి వెళ్ళిన తరానికి ఆ మూడక్షరాల్లో తుపాకీ దాగుందని తెలిసుండకపోవచ్చు. కంపెనీ గుర్తు కూడా ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులే.

యుద్ధాలు లేనప్పుడు తుపాకుల ఫ్యాక్టరీకి తిండి ఉండదు. ఆర్డర్లు తగ్గి యంత్రాలు ఖాళీగా పడి ఉండడంతో 1880లో బీఎస్ఏ సైకిళ్ళ పనిలోకి దిగింది. మధ్యలో ఒకసారి మళ్ళీ తుపాకులకే పోయి, 1893లో చక్రాల హబ్బులు చేస్తూ తిరిగొచ్చింది. ఆ తరవాత చాలాకాలం దాని పేరు నిలబెట్టింది పూర్తి సైకిలు కాదు, సైకిలు సామానే. హబ్బులు, క్రాంకులు, కప్పులు, కోనులు ఒక సెట్టుగా అమ్మేది. చిన్న చిన్న ఊళ్ళ పనివాళ్ళు ఆ సెట్టు కొని, గొట్టాలు అతికి, తమ పేరు రాసుకుని సైకిలు అమ్మేవాళ్ళు. పేరు ఎవరిదైనా లోపలి మర ఒకటే. షాపు తాత డబ్బాకి పునాది అక్కడ పడిందని నా లెక్క.

అందరూ ఈ దారికి రాలేదు. ర్యాలీ సైకిలు సంగతి పాత మెకానిక్కులకు తెలుసు. క్రాంకు ఇరుసు కూర్చునే గొట్టంలో మరచుట్లు మిగతా ఇంగ్లీషు సైకిళ్ళకు అంగుళానికి 24 ఉంటే, నాటింగ్‌హామ్‌లో చేసిన ర్యాలీకి 26. బయటి కప్పు చూడ్డానికి అలాగే ఉంటుంది, రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది. మొండిగా తిప్పితే గొట్టంలో మర చచ్చిపోతుంది. ర్యాలీ మంచి సైకిలే, దాని నికెలు మెరుపుకి దిష్టి తీయాల్సిందే. కానీ విడిభాగం దగ్గర మాత్రం అది కులం పట్టింపు ఉన్న పెద్దింటి సైకిలు.

ఇంకో మరకథ కూడా చెప్పాలి. షాపులో కొత్తగా చేరిన కుర్రాడికి మొదట నేర్పే పాఠం, ఎడమ పెడల్ ఎదురు మర అని. కుడి పెడల్ మామూలు నట్టులా బిగుస్తుంది, ఎడమది తిరగేసి తిప్పాలి. ఎందుకో అడిగితే “తొక్కుతుంటే ఊడిపోకుండా” అంటారు. అది నిజమే, కారణమే కొంచెం తమాషా. తొక్కే బరువు పెడల్ మరను రంధ్రం గోడకేసి చుట్టూ దొర్లిస్తుంది. గుండ్రటి గిన్నెలో గోళీ దొర్లించి చూడండి. గోళీ అంచు వెంట ఒకవైపు పరిగెడుతుంది, తను మాత్రం ఎదురువైపు తిరుగుతుంది. ఆ సూక్ష్మమైన ఎదురు తిరుగుడే మామూలు మరైతే ఎడమ పెడల్‌ని విప్పేస్తుంది, ఎదురు మరైతే బిగిస్తుంది. ఈ ఎదురు మర తమ సైకిళ్ళకుందని 1900 ప్రాంతంలో అమెరికాలోని డేటన్‌ ఊళ్ళో అన్నదమ్ములిద్దరు తమ షాపు ప్రకటనల్లో చెప్పుకున్నారు. 1903లో విమానం ఎగరేసిన రైట్ సోదరులు వాళ్ళే.

మన దేశానికి సైకిలు ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చింది. 1930ల్లో జపాన్ చవక సరుకూ తోడైంది. బొంబాయిలో హింద్ సైకిల్స్ వంటి కంపెనీలు ఆ దశాబ్దం చివర మొదలయ్యాయి గాని, అసలు మలుపు రెండో ప్రపంచ యుద్ధం. బర్మింగ్‌హామ్ మళ్ళీ తుపాకులు పట్టుకుంది, ఓడలు యుద్ధ సరుకుకే చాలలేదు. ఇక్కడ తిరుగుతున్న సైకిళ్ళకు గొలుసు తెగితే గొలుసు లేదు, ఫోర్కు విరిగితే ఫోర్కు లేదు. లేని సామాను ఎవరు చేసినా అమ్ముడుపోతుంది. పంజాబు కమ్మరులకు, ఇనుప సామాను వర్తకులకు అదే అదను.

1944లో ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న కమాలియా అనే ఊరి నుంచి ముంజాల్ సోదరులు నలుగురు అమృత్‌సర్ చేరి సైకిలు భాగాల వ్యాపారం పెట్టారు. దేశ విభజన తరవాత లూధియానా. ముందు భాగాలు కొని అమ్మారు, తరవాత ఫోర్కులు, హ్యాండిళ్ళు వాళ్ళే చేశారు. పూర్తి సైకిలు చేసింది 1956లో గాని కాదు. మొదటి ఏడాది అయినవి 639 సైకిళ్ళు. ముప్ఫై ఏళ్ళకు, 1986లో, ప్రపంచంలోకెల్లా ఎక్కువ సైకిళ్ళు చేసే కంపెనీగా గిన్నిస్ పుస్తకానికెక్కిన హీరో సైకిల్స్ అదే. ఆ పేరు కూడా ఒక విడిభాగం మీదిదే. కరీం దీన్ అనే సీట్ల తయారీదారు విభజన సమయంలో పాకిస్తాన్ వెళ్ళిపోతూ, తన సీట్ల మీద వేసుకునే ‘హీరో’ పేరును ముంజాల్ సోదరులకు ఇచ్చి వెళ్ళాడని ఆ కుటుంబం చెప్పుకుంటుంది. 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్ కూడా ముందు సీట్లే చేసింది. అంటే ఈ కంపెనీల్లో సైకిలు కన్నా సైకిలు సామానే ముందు పుట్టింది. మద్రాసులో టీఐ సైకిల్స్, ఆసన్‌సోల్‌లో సేన్ ర్యాలీ ఇంగ్లీషు కంపెనీలతో చేతులు కలిపి నేరుగా పూర్తి సైకిలుకే వచ్చాయన్నది వేరే మాట.

వీళ్ళందరూ ఎక్కువగా చేసింది ఒక్క రకం సైకిలే: నల్ల రంగు, రాడ్ బ్రేకులు, 28 బై ఒకటిన్నర టైరు, అరంగుళానికో లింకు గొలుసు. కొత్తదనం లేదని దాన్ని వెక్కిరించిన ఇంజనీర్లున్నారు. నా మటుకు నాకు ఆ మొండితనమే మన పల్లెలకు మేలు చేసిందనిపిస్తుంది. డిజైను మారలేదు కనక ఏ సెంటర్లో ఆగినా సామాను దొరికింది. పాలబిందెలు మోసే హీరోకి అట్లాస్ పెడళ్ళు, అట్లాస్‌కి ఊరూ పేరూ లేని చైను.

ఏడాదికోసారి చేయించే పెద్ద పనిని మా వైపు ‘ఓవరాయిలింగ్’ అనేవాళ్ళు. సైకిలు తలకిందులయ్యేది. భాగాలన్నీ కిరసనాయిలు పళ్ళెంలో మునిగేవి. తాత గోలీలు లెక్కపెట్టి మరీ గ్రీజులో అతికించేవాడు. వెనక హబ్బుకి పక్కకి 9, క్రాంకు ఇరుసుకి పక్కకి 11. ఒక్కటి తగ్గినా చక్రం గునుస్తుంది. రిమ్ము బెండు తీసేటప్పుడు మాత్రం మాట్లాడేవాడు కాదు. చక్రం తిప్పుతూ, సుద్దముక్క అంచుకి తాకించి, గీత పడ్డ చోట స్పోకు పావుచుట్టు బిగించేవాడు. ట్యూబులోంచి గాలి పోతే ముందు చూసేది పంక్చర్ కాదు, వాల్ ట్యూబు. వాల్వు మీద తొడిగే ఆ బారెడు రబ్బరు గొట్టంలోంచి గోరెడు ముక్క కోసి ఇచ్చేవాడు. అంత చవకైన విడిభాగాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

పోయినేడాది గేర్ల సైకిలుకి క్రాంకు బేరింగు కావాల్సొచ్చింది. ఆన్‌లైన్‌లో మూడుసార్లు తెప్పించాను, రెండుసార్లు వాపసు పంపాను. 2000 తరవాత ఒక్కో కంపెనీ గొట్టం వెడల్పు ఒక్కోలా మార్చుకుంటూ పోయింది. కొన్నింటికి మర ఉంటుంది, కొన్నిటికి లేదు, కొట్టి ఎక్కించాలి. ర్యాలీ ఒక్కతే పట్టింపు మనిషి అనుకున్న రోజులు పోయాయి, ఇప్పుడు వీధంతా ర్యాలీలే.

టైర్ల దగ్గరా ఇదే గొడవ. 28 అని రాసిన మన పాత నల్ల సైకిలు టైరు, 29 అని రాసిన కొత్త సైకిలు టైరు పక్కపక్కన పెడితే ఏది పెద్దది? రిమ్ము మీద కూర్చునే చోట కొలిస్తే 28దే పెద్దది. అంగుళాల అంకె గాలి కొట్టిన టైరు బయటి కొలత నుంచి వచ్చింది, టైరు లావును బట్టి మారుతుంది, రిమ్ము గురించి ఏమీ చెప్పదు. 26 అంగుళాలని పిలిచేవాటిలోనే ఒకదానికొకటి పట్టని రకాలు నాలుగైదున్నాయి.

ఆ పాత నల్ల సైకిళ్ళు చేసిన అట్లాస్ ఆఖరి ఫ్యాక్టరీ, ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లోది, 2020 జూన్ 3న ఆగిపోయింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినం. ఇప్పటికీ దాని సైకిళ్ళకు పిన్ను, చైను, టైరు ఏ ఊళ్ళో అడిగినా ఇస్తారు.

టైరు కొనేముందు పాత టైరు పక్కన తడిమి చూడండి. రెండంకెలు, చిన్న గీత, ఆ పక్కన మూడంకెలు ఉబ్బుగా అచ్చువేసి ఉంటాయి. ఆ మూడంకెలే రిమ్ము కొలత, మిల్లీమీటర్లలో. 29 అని రాసిన కొత్త సైకిలుకైతే 622. మీ తాతగారి సైకిలు ఇంకా వసారాలో ఉంటే దానికి 635 అడగండి.