తంత్రి మీద లోహపు మీట

వీణ పట్టుకొనిన బాలిక గాని, గిటారు కొనుక్కొనిన బాలుడు గాని నేర్పునకు కూర్చున్న కొలది దినములలోనే ఒక సందేహమునకు వచ్చెదరు. తంత్రిని ఉత్త వ్రేలితో మీటవలెనా, వ్రేలికి లోహము తొడిగి మీటవలెనా? కదిరి ప్రాంతమున ఈ సందేహమునకు మరికొంత పదును కలదు. ఈ మెట్టసీమలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానయే గొప్ప. గాలి పొడి. వేసవిలో గోళ్ళు పెళుసై చిట్లును. గోటితో పలికినదే నాదమని గురువు శాసించినచో గోరు నిలువని శిష్యుడేమి చేయవలెను? తీగె మీట తొడిగినవానిని ఒక మెట్టు దిగువగా చూచుట మన సంగీతలోకమున లేని అలవాటు కాదు. ఆ చిన్నచూపునకు ఆధారమున్నదా అని శ్రోతలతో కలిసి విచారింపవలెనని ఈ ప్రసంగము.

ముందుగా ఒక మాట. మీట అనునది నిన్న మొన్న పడమటి నుండి వచ్చిన వస్తువు కాదు. వీణాదులను వాయించు సాధనమునకు అమరకోశములోనే 'కోణము' అని పేరున్నది. నిఘంటువున కెక్కిన సాధనమును అశాస్త్రీయమనుట సాధ్యము కాదు.

మన జిల్లాలోనే మంచి సాక్ష్యమొకటి కలదు. కదిరి నుండి హిందూపురము మీదుగా పోయినచో లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) విరూపణ్ణ పూనికతో వెలసిన ఆ ఆలయపు నాట్యమంటపములో రంభ నాట్యమాడుచుండగా తుంబురుడు వీణతో నిలిచి యుండును. విజయనగరము వారికి వీణ యనిన అంత ప్రీతి. ఆ అచ్యుతరాయల పేరు ఒక వీణకే నిలిచినది. రామామాత్యుడు 1550లో రచించిన 'స్వరమేళకళానిధి'లో శుద్ధమేళ వీణ, మధ్యమేళ వీణలతో పాటు అచ్యుతరాజేంద్రమేళ వీణను వర్ణించెను. అన్ని రాగములకు చాలునట్లు మెట్లను స్థిరముగా నిలుపుట, ఒక్కొక్క రాగమునకు మెట్లను జరుపుకొనుట అను రెండు పద్ధతులును అందు కలవు. తరువాత తంజావూరిని పాలించిన తెలుగు రాజు రఘునాథనాయకుని కాలమున 24 మెట్లు స్థిరపడినవని పెద్దలు చెప్పుదురు. 1609లో సోమనాథుడు 'రాగవిబోధము'న మీటుటలోని భేదములకును గమకములకును ప్రత్యేకముగా గుర్తులనే కల్పించెను. కుడిచేతి పని ఎడమచేతి పని కంటె తక్కువది కాదని ఆయన ఎరుగును. నేటి విద్యార్థులలో చాలమంది ఎరుగరు.

ఇక లోహపు మీట చేయు పనిని చూతము. తంత్రిని గట్టి వస్తువుతో సన్నని చోట పట్టి విడిచినచో అందులోని పై స్వనములు హెచ్చుగా మేల్కొనును. నాదము తళుక్కుమనును, దూరము పోవును. వ్రేలి కండ మెత్తనిది, వెడల్పైనది. అది విడిచిపెట్టుచునే పై స్వనములను అణచివేయును, నాదము గుండ్రముగా వచ్చును. గోరు ఈ రెంటికిని నడుమ నుండును. అందుకే తంబురను ఎవరును లోహముతో మీటరు. ఊళ్ళలో తత్త్వములు పాడుకొను వారును ఏకతారను వ్రేలితోనే మీటుదురు. శ్రుతి వెనుక నుండి మోయవలసినదే కాని ముందుకు వచ్చి అరవరాదు కదా. సితారు వాదకులు మాత్రము చూపుడువ్రేలికి ఉక్కుతీగెతో చుట్టిన మిజ్రాబు లేక వాయింపరు. సరోదు వారికి కొబ్బరిచిప్ప తునక యున్నది.

గిటారు కథ వేరు. దానికి మొదట నరముతో చేసిన తంత్రులే. 1900 ప్రాంతముల నుండి ఉక్కు తంత్రులు బాగుగా వ్యాపించినవి. ఉక్కును ఉత్త వ్రేలితో గంటల తరబడి మీటినచో చర్మము లేచిపోవును. హవాయి పద్ధతిలో గిటారును ఒడిలో పరుండబెట్టి, ఎడమచేత ఉక్కుకడ్డీని తంత్రులపై జార్చుచు, కుడిచేతి వ్రేళ్ళకు లోహపు మీటలు తొడిగికొనుట అలవాటైనది. ఆ గిటారే మన దేశములో రాగములు పలికినది. బ్రిజ్‌భూషణ్ కాబ్రా 1967లో వచ్చిన 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' రికార్డులో దానిని సంతూరు, వేణువుల సరసన కూర్చుండబెట్టెను. ఇంగ్లండులో బ్రయన్ మే అను ప్రసిద్ధ వాదకుడు పాత ఆరుపెన్నీల నాణెముతోనే గిటారు వాయించును. అంచు గరుకుగా ఉండు నాణెము తంత్రిని ఒరసికొని పోవునప్పుడు పుట్టు ఆ గరగర ఆయనకు ఇష్టము. రుచి అనునది ఎట్లుండునో చూడుడు!

అయిన పడమటి గిటారులో మెచ్చదగినది మన వీణకు అట్లే పనికివచ్చునని అనుకొనరాదు. ఈ విషయమున అసలు చిక్కు ఇదియే. గిటారులో చాలవరకు ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క మీటు. వీణలో ఒక్క మీటుతో తంత్రిని కదిలించి, ఆ నాదము బ్రతికియున్నంతలో ఎడమచేతితో లాగి రెండు మూడు స్వరములు, వాని నడుమ గమకములు పలికింపవలెను. లోహపు మీట మొదటి దెబ్బను పెద్దది చేయును. తరువాతి తోకను అంతగా పెంచజాలదు. కనుక చెవికి దెబ్బ దగ్గరగాను, గమకము దూరముగాను వినిపించును. తోడిలోని గాంధారము 'టక్కు'మను చప్పుడు వెనుక దాగిపోయినచో రాగమేమి మిగులును? వీణ ధనమ్మాళ్ (1867–1938) మీట లేక గోటితోనే వాయించెను. శుక్రవారములు మదరాసులో ఆమె ఇంట జరుగు కచేరీలకు పెద్ద విద్వాంసులే వచ్చి చప్పుడు చేయక కూర్చుండెడివారు. చిన్న గది, దగ్గరి చెవులు, ఊపిరి బిగబట్టిన శ్రోతలు. అక్కడ లోహముతో పనియేమి?

కాని అందరికిని ఆ గది దొరకదు. ఫాల్గుణములో కదిరి నరసింహస్వామి తేరు కదలునప్పుడు నాగస్వరము, డోలు తప్ప మరియొకటి వినబడునా? సభ పెద్దదైన కొలది వైణికుడు మీటను ఆశ్రయించుట సహజము. తానము వాయించునప్పుడు దాని మేలు స్పష్టముగా తెలియును: చూపుడు, నడిమి వ్రేళ్ళ దెబ్బలు సమానముగా పడును, వడి చెడదు, చిటికెనవ్రేలు తాళపు తంత్రులపై వేయు మీటులతో లెక్క కుదురును. గంటన్నర వాయించినను వ్రేలు నొవ్వదు. కీడులును కలవు. బిగువైన మీట వ్రేలికొన రక్తమును ఆపును, వదులైనది జారును, ఉక్కుతో ఉక్కు ఒరసి తంత్రి త్వరగా అరుగును.

మైక్రోఫోను వచ్చి ఈ లెక్కను తారుమారు చేసినది. వినబడుటకై లోహము తొడుగవలసిన అగత్యము చాలవరకు తీరినది. ఈమని శంకరశాస్త్రి (1922–1987), ఆయన శిష్యుడు చిట్టిబాబు (1936–1996) ఒక్క మీటు వెనుక అంత దీర్ఘమైన నాదమును శ్రోతల కందించిన కాలము మైక్రోఫోను కాలమే. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ (1969–2014) త్వరగా ఆరిపోవు నాదము గల మాండలిన్‌ను విద్యుత్ వాద్యముగా మార్చుకొని గమకములను నిలిపెను. అయితే మైక్రోఫోను మంచిని మాత్రమే పెంచునది కాదు. స్టూడియోలో వీణకు దగ్గరగా దానిని నిలిపినప్పుడు, ఎదుట కూర్చున్నవానికి తెలియని 'టక్కు' సైతము మీ ఇంటి రేడియోలో గడియపెట్టిన చప్పుడు వలె వచ్చును. కొంచెము వెనుకకు, ప్రక్కకు జరిపినచో తగ్గును.

నా మటుకు నాకు విలంబకాలపు ఆలాపన గోటితోనే ఇంపు. తానమునకు, ఆరుబయలు సభకు మీటను నేను తప్పుపట్టను. కాని మొదటి ఏడాది పిల్లల వ్రేలికి లోహము తొడుగవద్దని ఉపాధ్యాయులను కోరెదను. తంత్రిని ఎంత బలముతో పట్టవలెనో, గుఱ్ఱమునకు ఎంత దగ్గరగా మీటిన ఎట్లు పలుకునో కండకు తెలియవలెను. ఆ ఎరుక వచ్చిన పిదప మీట తొడిగినను పోదు. గోళ్ళు నిలువని వారు రాత్రిపూట కొబ్బరినూనె రాసికొని చూడవచ్చును. అప్పటికిని విరిగినచో సన్నని తీగెతో, కొన గుండ్రముగా సానబట్టిన మీటను, గోటి కంటె ఒక్క నూలుపోగంత మాత్రమే ముందుకు వచ్చునట్లు తొడిగికొని వాయింపవచ్చును; కండ కూడ తంత్రిని తాకును, దెబ్బలోని కాఠిన్యము సగము తగ్గును. ఎండకాలమున వీణ మెట్ల క్రింది మైనము మెత్తబడు చోట వాద్యమును గోడవార నీడలో ఉంచుట కూడ మరువరాదు. మెట్టు కదిలిన వీణపై గోరైనను ఒకటే, ఉక్కైనను ఒకటే.